బలానికి తన పేరిచ్చిన మహనీయుడు – సర్ ఐజాక్ న్యూటన్

లోకంలో గొప్పవారి పేర్లు పలు విధాలుగా నిలిచిపోతాయి. కొందరి పేర్లు నగరాలకూ వీధులకూ పెడతారు. కొందరికి శిలావిగ్రహాలు వెలుస్తాయి. మరికొందరి పేర్లు వారు రచించిన గ్రంథాలతోపాటు బ్రతుకుతాయి. శాస్త్రజ్ఞులలో బహుకొద్దిమందికి మాత్రమే దక్కిన మరొక గౌరవం ఉన్నది. అది వారి పేరే ఒక కొలత కావడం. విద్యుత్తును కొలిచేటప్పుడు వోల్టా, ఆంపియర్‌ల పేర్లు పలుకుతాము. శక్తిని కొలిచేటప్పుడు జౌల్ పేరు పలుకుతాము. వంతెన స్తంభంపై ఎంత భారం పడుతున్నదో, క్రేను ఇనుపతాడు ఎంత లాగుడుకు ఆగుతుందో, కాంక్రీటు దిమ్మె ఎంత ఒత్తిడికి పగులుతుందో లెక్కకట్టే ఇంజనీరు ప్రతిదినమూ పలికే పేరు న్యూటన్. వెయ్యి న్యూటన్లు ఒక కిలోన్యూటన్. పెద్ద బరువుల లెక్కలన్నీ నేడు ఆ కిలోన్యూటన్లలోనే సాగుతున్నాయి.

న్యూటన్ అనగానే చాలామందికి చెట్టునుండి రాలిన ఆపిల్ పండు గుర్తుకు వస్తుంది. ఆకర్షణ సిద్ధాంతం గుర్తుకు వస్తుంది. అయితే బలాన్ని కొలిచే ప్రమాణానికి ప్రపంచ దేశాలన్నీ కలిసి ఆయన పేరే ఎందుకు పెట్టాయన్న ప్రశ్నకు సమాధానం ఆపిల్ పండు కథలో పూర్తిగా దొరకదు. యుగాల తరబడి మానవులు ఒకటిగా భావించిన రెండు విషయాలను వేరుచేసి, వాటి మధ్యగల సంబంధాన్ని ప్రయోగం ద్వారా నిరూపించిన జీవితం ఆయనది. ఆ జీవితకథ తెలిస్తే టన్నులను కిలోన్యూటన్లలోకి మార్చే చిన్న లెక్కలో దాగిన పెద్ద ఆలోచన కూడా తేటపడుతుంది.

తండ్రిని చూడని బిడ్డ

ఇంగ్లండులోని లింకన్‌షైర్ ప్రాంతంలో వూల్స్‌థోర్ప్ అనే చిన్న పల్లెలో, వ్యవసాయ కుటుంబంలో ఐజాక్ న్యూటన్ జన్మించారు. ఆనాటి ఇంగ్లండు పంచాంగం ప్రకారం ఆయన పుట్టినది 1642 డిసెంబరు 25, క్రిస్మస్ పండుగనాడు. ఐరోపాలోని అనేక దేశాలు అప్పటికే అనుసరిస్తున్న కొత్త పంచాంగం ప్రకారం అదే రోజు 1643 జనవరి 4. ఒకే దినాన్ని రెండు కొలతలు రెండు పేర్లతో పిలవడం ఆయన విషయంలో పుట్టుకతోనే మొదలైనది.

బిడ్డ పుట్టడానికి సుమారు మూడు నెలల ముందే తండ్రి కన్నుమూశాడు. నెలలు నిండక పుట్టిన ఆ శిశువు ఎంతో చిన్నగా, బలహీనంగా ఉండి, బ్రతుకుతాడన్న ఆశ ఎవరికీ లేకపోయినది. మూడేళ్ళ వయసులో మరొక దెబ్బ తగిలినది. తల్లి హన్నా మారుమనువు చేసుకొని, కొడుకును అమ్మమ్మ వద్ద వదలి, పొరుగూరిలోని భర్త ఇంటికి వెళ్ళిపోయినది. 1653లో ఆ రెండవ భర్త మరణించిన తరువాతగాని ఆమె తిరిగి రాలేదు. తల్లి బ్రతికి ఉండగానే తల్లిలేనివాడిగా గడిపిన ఆ ఏళ్ళు ఆయన స్వభావంపై చెరగని ముద్ర వేశాయి. జీవితాంతం ఆయన ఒంటరిగానే ఉన్నారు. వివాహం చేసుకోలేదు. ఎవరినీ తేలికగా నమ్మలేదు.

పన్నెండేళ్ళ ప్రాయంలో గ్రాంథమ్ పట్టణంలోని పాఠశాలలో చేరి, ఒక మందుల వ్యాపారి ఇంట బస చేశాడు. తోటి పిల్లలతో ఆటలకన్నా చేతిపనులమీద మక్కువ ఎక్కువ. చిన్న గాలిమర, నీటి గడియారం, నీడను బట్టి వేళ చెప్పే సూర్యఘటికలు తానే తయారుచేశాడు. 1658 సెప్టెంబరులో ఇంగ్లండును ఒక పెనుతుఫాను ఊపివేసినది. అప్పుడాతనికి పదిహేనేళ్ళు. అందరూ ఇళ్ళలో తలదాచుకోగా ఆ కుర్రవాడు బయటికి వెళ్ళి, గాలి వీచే వైపుకు ఒకసారి, గాలికి ఎదురుగా ఒకసారి దూకి, ఆ రెండు దూకుళ్ళ పొడవులను పోల్చి చూశాడట. ఆ తేడానుబట్టి తుఫాను గాలి బలం ఎంతో తెలుసుకోవాలన్నది అతని ప్రయత్నం. కంటికి కనపడని బలాన్ని, కంటికి కనపడే దూరంతో కొలవవచ్చునన్న ఊహ అది. వృద్ధాప్యంలో ఆయన ఈ సంగతిని తన మొదటి ప్రయోగంగా బంధువులకు చెప్పుకున్నారు.

కొడుకును సేద్యంలో పెట్టాలని తల్లి బడి మాన్పించినది. కాని అతడు పొలానికి వెళ్ళి పుస్తకంలో మునిగిపోయేవాడు. గొర్రెలు పరుల చేలలో పడేవి. ఈ సమయంలో అతని జీవితాన్ని మార్చినవారు ఇద్దరు. ఒకరు మేనమామ విలియం ఐస్కో, మరొకరు పాఠశాల ప్రధానోపాధ్యాయుడు హెన్రీ స్టోక్స్. వీరిద్దరూ తల్లికి నచ్చజెప్పి బాలుణ్ణి తిరిగి బడికి రప్పించారు. ఒక ఉపాధ్యాయుడు పట్టుబట్టి ఉండకపోతే ప్రపంచానికి న్యూటన్ దక్కేవాడే కాడు.

తప్పిన మైలు లెక్క

1661 జూన్‌లో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చేరినప్పుడు ఆయన హోదా చాలా తక్కువది. సంపన్న విద్యార్థులకు, అధ్యాపకులకు సేవలు చేస్తూ చదువుకునే పేద విద్యార్థుల వర్గంలో ఆయన పేరు నమోదైనది. 1665లో పట్టభద్రులయ్యారు. ఆ యేడాదే ప్లేగు మహమ్మారి వ్యాపించి విశ్వవిద్యాలయం మూతపడగా స్వగ్రామానికి మరలివచ్చారు. 1667 వరకు ఎక్కువకాలం ఆ పల్లెలోనే గడిపారు. కాంతి, గణితం, ఆకర్షణ ఈ మూడింటిలోనూ ఆయన ప్రధాన భావాలకు బీజాలు పడినది ఆ రోజులలోనే.

పండును నేలకు లాగే బలమే చంద్రుడి వరకు వ్యాపించి, చంద్రుడిని కూడా భూమి చుట్టూ తిప్పుతున్నదా అని ఆయన ఆలోచించారు. దూరం రెట్టింపైతే ఆ బలం నాలుగవ వంతుకు, మూడింతలైతే తొమ్మిదవ వంతుకు తగ్గాలని ఊహించారు. భూమి వ్యాసార్థానికి అరవై రెట్లు దూరంలో చంద్రుడు ఉన్నాడు గనుక అక్కడ ఆకర్షణ 3600వ వంతు కావాలి. దీనిని సరిచూడాలంటే భూమి పరిమాణం తెలియాలి. ఇక్కడే ఒక చిక్కు వచ్చినది.

నావికులు భూగోళంపై ఒక డిగ్రీకి 60 మైళ్ళని లెక్క వేసేవారు. కాని సముద్రంపై చెప్పుకునే మైలు వేరు, ఇంగ్లండులో నేలపై కొలిచే మైలు వేరు. నేల మైళ్ళలో ఒక డిగ్రీ సుమారు 69 మైళ్ళు. చేతిలో మంచి పుస్తకాలు లేని ఆ పల్లెలో న్యూటన్ 60 మైళ్ళ లెక్కనే తీసుకున్నారనీ, ఫలితం సరిపోలక ఆ పనిని పక్కన పెట్టారనీ ఆయన గ్రంథపు మూడవ ముద్రణకు సంపాదకత్వం వహించిన హెన్రీ పెంబర్టన్ రాసిపెట్టాడు. ఆలస్యానికి ఇదొక్కటే కారణం కాదని తరువాతి చరిత్రకారులు వాదించారు. అయినా ఇందులోని పాఠం మాత్రం నిలిచే ఉన్నది. సిద్ధాంతం సరైనదే, గుణకారమూ సరైనదే. పేరు ఒకటైన రెండు కొలతలను ఒకటిగా తీసుకోవడంవల్ల లెక్క మొత్తం తప్పినది.

1671లో ఫ్రెంచి ఖగోళవేత్త జాన్ పికార్ భూమి కొలతను జాగ్రత్తగా కొలిచి ప్రకటించాడు. ఆ కొలతతో న్యూటన్ చేసిన లెక్క అద్భుతంగా కుదిరినది. భూమిపై వదిలిన రాయి మొదటి సెకనులో 15 పారిస్ అడుగుల ఒక అంగుళం పైచిలుకు పడుతుంది. చంద్రుడు తన సరళమార్గం నుండి భూమివైపు ఒక నిమిషంలో సరిగ్గా అంతే దూరం పడుతున్నాడు. నిమిషానికి అరవై సెకనులు, అరవై వర్గం 3600. రెండు లెక్కలూ ఒకచోట కలిశాయి. ఇందులో మరొక విశేషం ఉన్నది. ఆ 15 పారిస్ అడుగుల ఒక అంగుళాన్ని నేటి కొలతలోకి మార్చితే సుమారు 4.9 మీటర్లు. దానిని రెట్టింపు చేస్తే 9.8. పడే వస్తువు వేగం ప్రతి సెకనుకూ ఎంత పెరుగుతుందో చెప్పే సంఖ్య అది. టన్నుల భారాన్ని కిలోన్యూటన్లలోకి మార్చేటప్పుడు గుణించే సంఖ్య కూడా ఇదే.

మహాగ్రంథం

1669లో, ఇరవైయారేళ్ళ వయసులో, గురువైన ఐజాక్ బారో ఖాళీచేసిన ఆచార్య పదవి న్యూటన్‌కు లభించినది. ఆయన పాఠాలు విద్యార్థులకు కొరుకుడుపడేవి కావు. ఒక్కొక్కసారి వినేవారు లేక ఖాళీ గదిలో చెప్పి వచ్చేవారట. తన చేతులతో తయారుచేసిన అద్దపు దూరదర్శిని ఆయనను పండితలోకానికి పరిచయం చేసినది. 1672లో రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చినది. కాని కాంతిని గురించి ఆయన ప్రకటించిన భావాలను రాబర్ట్ హుక్ విమర్శించగా, ఆ వాదాలు సహించలేక మళ్ళీ తన గదిలోకి ముడుచుకుపోయారు.

ఆయనను ఆ ఏకాంతం నుండి బయటికి తెచ్చినవాడు ఎడ్మండ్ హేలీ. 1684 ఆగస్టులో హేలీ కేంబ్రిడ్జికి వచ్చి, దూరపు వర్గానికి విలోమంగా తగ్గే ఆకర్షణ ఉంటే గ్రహం ఏ ఆకారపు మార్గంలో తిరుగుతుందని అడిగాడు. దీర్ఘవృత్తమని న్యూటన్ వెంటనే బదులిచ్చారు. రుజువు రాసిన కాగితం మాత్రం వెతికినా దొరకలేదు. తిరిగి రాసి పంపిన కొద్ది పుటలే పెరిగి పెరిగి మహాగ్రంథమయ్యాయి. 1687 జూలైలో లాటిన్ భాషలో ప్రిన్సిపియా వెలువడినది. రాయల్ సొసైటీ తన సొమ్మును చేపల చరిత్రపై ఒక గ్రంథానికి వెచ్చించి చేతులు ఖాళీ చేసుకున్నది గనుక, ముద్రణ ఖర్చును హేలీయే భరించాడు. ఇతరుని ప్రతిభకోసం తన సొమ్ము పెట్టిన ఆ స్నేహితునికి విజ్ఞానలోకం ఎంతో ఋణపడి ఉన్నది.

ద్రవ్యరాశి వేరు, భారం వేరు

ఆ గ్రంథం ఆకర్షణతో మొదలుకాదు. నిర్వచనాలతో మొదలవుతుంది. అందులో మొట్టమొదటిది ఒక వస్తువులో ఎంత పదార్థం ఉన్నదన్న విషయం. తెలుగు పాఠ్యపుస్తకాలలో దీనినే ద్రవ్యరాశి అంటారు. బజారులో తూచేవాడికి ఈ భేదంతో పనిలేదు. తక్కెడలో పెట్టిన బియ్యం ఎంత ఉన్నదో, అది పళ్ళేన్ని ఎంతగా కిందికి నొక్కుతున్నదో అతనికి ఒక్కటే. న్యూటన్ మాత్రం ఈ రెండింటిని విడదీశారు. వస్తువులోని పదార్థం దాని సొంతం. అది ఎక్కడికి వెళ్ళినా మారదు. భారం ఆ వస్తువుపై భూమి చూపే బలం. అది చోటునుబట్టి మారుతుంది.

అయితే ఒకే చోట ఉన్నంతవరకు భారం ద్రవ్యరాశికి ఖచ్చితంగా అనులోమంగా ఉంటుందా? ఇది ఊహతో తేలే విషయం కాదు. ఆయన పదకొండు అడుగుల పొడవైన రెండు లోలకాలను తయారుచేసి, వాటి కొనలకు ఒకే తీరు గుండ్రని చెక్కపెట్టెలు కట్టారు. ఒక పెట్టెలో చెక్కను నింపి, రెండవదానిలో అంతే బరువుగల బంగారాన్ని ఉంచారు. రెండూ పక్కపక్కనే చాలాసేపు కలిసి ఊగాయి. తరువాత వెండి, సీసం, గాజు, ఇసుక, ఉప్పు, నీరు, గోధుమలు పెట్టి చూశారు. అన్నీ అదే తీరున ఊగాయి. వెయ్యింట ఒక వంతు తేడా ఉన్నా తనకు కనిపించి ఉండేదని ఆయన గ్రంథంలో నమోదు చేశారు. బంగారమైనా గోధుమలైనా భూమి లాగే తీరు ఒక్కటే. నేటికీ ద్రవ్యరాశిని ఒకే సంఖ్యతో గుణించి భారాన్ని తెలుసుకోగలుగుతున్నామంటే, ఆ గుణకారానికి ఆధారం ఈ ప్రయోగం నిరూపించిన సత్యమే.

చోటునుబట్టి భారం మారుతుందనడానికి నిదర్శనం సముద్రం ఆవలినుండి వచ్చినది. 1672లో జాన్ రిషే అనే ఫ్రెంచి పరిశీలకుడు భూమధ్యరేఖకు దగ్గరనున్న కయెన్ అనే చోటికి పారిస్ నుండి లోలకపు గడియారం తీసుకువెళ్ళాడు. పారిస్‌లో సరిగా నడిచిన ఆ గడియారం అక్కడ రోజుకు రెండున్నర నిమిషాలు వెనుకబడినది. లోలకాన్ని కొద్దిగా పొట్టి చేయవలసి వచ్చినది. న్యూటన్ దీనిని తన గ్రంథంలో విచారించి, భూమి తన చుట్టూ తాను తిరగడంవల్ల మధ్యలో ఉబ్బి ధ్రువాలవద్ద అణగి ఉన్నదనీ, అందుచేత భూమధ్యరేఖవద్ద వస్తువులు కొద్దిగా తక్కువ భారం తూగుతాయనీ వివరించారు. నేటి లెక్కల ప్రకారం వెయ్యి కిలోల ఇనుపదిమ్మెను భూమి ధ్రువాలవద్ద సుమారు 9.83 కిలోన్యూటన్లతో, భూమధ్యరేఖవద్ద సుమారు 9.78 కిలోన్యూటన్లతో లాగుతుంది. దిమ్మెలోని ఇనుము ఒక్క రవ్వకూడా తగ్గలేదు. తగ్గినది బలం.

నాణేల అధికారి

1696లో న్యూటన్ కేంబ్రిడ్జిని విడిచి లండన్ టంకశాల అధికారిగా వెళ్ళారు. అప్పట్లో ఇంగ్లండు వెండి నాణేల అంచులను దొంగలు కత్తిరించి వెండి కాజేసేవారు. నాణెం మీద ముద్రించిన విలువ ఒకటి, దానిలో మిగిలిన లోహం మరొకటి. పాత నాణేలన్నిటినీ కరిగించి కొత్తవి ముద్రించే బృహత్కార్యం అప్పుడు జరుగుతున్నది. పండితులకు గౌరవార్థం ఇచ్చే పదవిగా భావించి ఊరుకోక, ఆయన ఆ పనిని స్వయంగా పర్యవేక్షించారు. దొంగనాణేలు చేసేవారిని పట్టించి శిక్షలు వేయించారు. 1699 చివరినుండి మరణించేవరకు టంకశాల ముఖ్యాధికారిగా కొనసాగారు. 1707లో ఇంగ్లండు, స్కాట్లండు రాజ్యాలు ఒకటైనప్పుడు స్కాట్లండు నాణేలను ఇంగ్లండు ప్రమాణానికి మార్చే కార్యం ఆయన ఆధ్వర్యంలోనే నడిచినది. విదేశీ నాణేల బరువు, మేలిమి, వాటికి సరితూగే ఇంగ్లండు విలువ లెక్కగట్టి ప్రభుత్వానికి నివేదికలు సమర్పించారు. ప్రాచీన జాతుల మూర కొలతలను ఒకదానితో ఒకటి పోల్చుతూ ఆయన రాసిన ఒక వ్యాసం మరణానంతరం అచ్చయినది. కొలతను కొలతలోకి మార్చే పనిని ఆయన ఎన్నడూ చిన్నపనిగా చూడలేదు.

1703లో రాయల్ సొసైటీ అధ్యక్షులయ్యారు. 1704లో కాంతిపై గ్రంథం ఆప్టిక్స్ ప్రచురించారు. 1705లో యాన్ రాణి ఆయనకు సర్ బిరుదు ప్రదానం చేసినది.

మహనీయుల జీవితాలలో లోపాలుండవని చెప్పడం సత్యం కాదు. హుక్‌తో వైరం హుక్ మరణించేవరకు చల్లారలేదు. కలనగణితాన్ని మొదట కనుగొన్నది ఎవరన్న విషయంలో జర్మను పండితుడు లైబ్నిట్జ్‌తో దీర్ఘకాలం కలహించారు. ఆ తగవును విచారించడానికి 1712లో రాయల్ సొసైటీ నియమించిన సంఘం నివేదికను తెరచాటున న్యూటనే నడిపించారు. 1693లో కొంతకాలం మనస్సు చెదిరి మిత్రులను నిందిస్తూ లేఖలు రాశారు. 1720లో సౌత్ సీ కంపెనీ వాటాల వెర్రిలో చాలా సొమ్ము పోగొట్టుకున్నారు. లోలకాన్ని వెయ్యింట ఒక వంతు వరకు సరిచూసిన మనిషి తన కోపాన్నీ ఆశనూ తూచుకోలేకపోయిన సందర్భాలివి.

ఇంగ్లండు పాత పంచాంగం ప్రకారం 1727 మార్చి 20న, 84 ఏళ్ళ వయసులో ఆయన పరమపదించారు. రాజులకు, ప్రముఖులకు సమాధులున్న వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో ఆయన పార్థివదేహాన్ని ఖననం చేశారు. సేవకవృత్తితో కళాశాలలో అడుగుపెట్టిన పల్లెటూరి బాలుడికి దక్కిన అంతిమగౌరవం అది.

పేరు ప్రమాణమైన వేళ

న్యూటన్ మరణించాక రెండు వందల ఏళ్ళకు పైగా బలానికి ఆయన పేరు లేదు. ప్రతి దేశమూ తన తూనికరాళ్ళతోనే బలాన్ని కొలిచేది. ఒక పౌను రాయి ఎంత నొక్కుతుందో అంత ఒక పౌను బలం. ఒక కిలో రాయి ఎంత నొక్కుతుందో అంత ఒక కిలోగ్రాము భారం. ఒకే మాట పదార్థానికీ బలానికీ రెండింటికీ చెల్లుతూ వచ్చినది. 1901లో తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభ కిలోగ్రాము ద్రవ్యరాశికే ప్రమాణమనీ, భారం ఒక బలమనీ స్పష్టంచేసి, గురుత్వ త్వరణానికి ప్రామాణిక విలువ సెకను వర్గానికి 9.80665 మీటర్లని నిర్ణయించినది. 1948లో జరిగిన మహాసభ బలప్రమాణానికి న్యూటన్ అనే పేరును ఆమోదించినది. ఒక కిలోగ్రాము వస్తువు వేగాన్ని ప్రతి సెకనుకూ సెకనుకొక మీటరు చొప్పున పెంచే బలం ఒక న్యూటన్. 1960లో ఏర్పడిన అంతర్జాతీయ ప్రమాణపద్ధతిలో అది స్థిరపడినది.

ఒక న్యూటన్ చాలా చిన్నది. సుమారు 102 గ్రాముల వస్తువు అరచేతిని నొక్కే బలం. ఒక చిన్న ఆపిల్ పండు బరువు. అందుకే పెద్ద బరువులకు కిలోన్యూటన్ వాడుతారు. యాభై కిలోల సిమెంటు బస్తాలు రెండింటి భారం ఒక కిలోన్యూటన్‌కు కొద్దిగా తక్కువ.

తెలుగువారికి కొలతల చిక్కు కొత్తది కాదు. మద్రాసు మణుగు 25 పౌన్లు, బొంబాయి మణుగు 28 పౌన్లు, బెంగాలు మణుగు 82 పౌన్లకు పైమాట. పేరు ఒక్కటే, సరుకు మాత్రం ఊరు మారితే మూడింతలు. ఎనిమిది వీశెలు ఒక మణుగు, ఇరవై మణుగులు ఒక బారువ అని వల్లెవేసిన తరం ఒకటి ఉండేది. 1956 నాటి చట్టంతో దేశమంతటికీ మెట్రిక్ తూనికలు వచ్చి ఆ గందరగోళం తొలగినది. మద్రాసు లెక్కలో 500 పౌన్ల బారువ సుమారు 227 కిలోలు. దాని భారం సుమారు 2.22 కిలోన్యూటన్లు.

మణుగులోని చిక్కే టన్నులోనూ ఉన్నది. బ్రిటిషు టన్ను 2240 పౌన్లు, అమెరికా టన్ను 2000 పౌన్లు, మెట్రిక్ టన్ను 1000 కిలోలు. వీటి భారాలు వరుసగా 9.964, 8.896, 9.807 కిలోన్యూటన్లు. అమెరికా ఇంజనీర్లు వాడే కిప్ అనే ప్రమాణం వెయ్యి పౌన్ల బలం; అంటే 4.448 కిలోన్యూటన్లు. పాత కర్మాగారంలోని క్రేనుపై పది టన్నులని మాత్రమే రాసి ఉంటే, అది ఏ దేశపు టన్నో తెలియనిదే ఆ అక్షరాలను నమ్మరాదు. బ్రిటిషు టన్నుకూ అమెరికా టన్నుకూ మధ్య తేడా నూటికి పన్నెండు.

పనిచేసే చోట చాలామంది 9.81కి బదులు పదితో గుణించి సరిపెట్టుకుంటారు. తేడా నూటికి రెండు. స్తంభంపై పడే భారాన్ని ఇలా లెక్కవేస్తే కొద్దిగా ఎక్కువ వస్తుంది గనుక కట్టడానికి మేలే. ఇనుపతాడు సామర్థ్యాన్ని ఇలా లెక్కవేయడం మాత్రం అపాయం. 50 టన్నుల భారానికి ఆగే తాడు 490 కిలోన్యూటన్లకే ఆగుతుంది, 500కు కాదు. లేని బలాన్ని ఉన్నట్టు భావించిన చోటనే తాళ్ళు తెగుతాయి.

ఇంటి స్లాబుకు వాడే ఎం-20 కాంక్రీటునే చూస్తే, ఆ ఇరవై అనే సంఖ్య చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్లని చెబుతుంది. 150 మిల్లీమీటర్ల ఘనపు దిమ్మెను 28 రోజుల తరువాత యంత్రంలో నొక్కి పరీక్షిస్తారు. దిమ్మె ముఖవైశాల్యం 22,500 చదరపు మిల్లీమీటర్లు గనుక దానికి తగిన బలం 450 కిలోన్యూటన్లు, అంటే సుమారు 46 టన్నుల భారం. రెండు అరచేతులతో ఎత్తగల దిమ్మె అంతటి ఒత్తిడికి నిలవాలి. సొంత ఇల్లు కట్టుకునే ప్రతి కుటుంబపు భద్రతా ఈ లెక్కమీద ఆధారపడి ఉన్నది.

ఈ మార్పిడిని తేలికగా తీసుకున్నందుకు లోకం మరువలేని గుణపాఠం ఒకటి ఉన్నది. 1998 డిసెంబరులో అమెరికా అంతరిక్ష సంస్థ కుజగ్రహానికి ఒక ఉపగ్రహాన్ని పంపినది. దానిలోని చిన్న రాకెట్ల తాకిడిని ఒక బృందం పౌను బలంలో లెక్కవేయగా, మరొక బృందం ఆ సంఖ్యలను న్యూటన్లుగా భావించినది. ఒక పౌను బలం 4.448 న్యూటన్లు. తొమ్మిది నెలలకు పైగా సాగిన ప్రయాణంలో చిన్న చిన్న పొరపాట్లు పోగుపడి, 1999 సెప్టెంబరు 23న ఆ ఉపగ్రహం ఉండవలసిన ఎత్తుకన్నా చాలా దిగువగా కుజుని వాతావరణంలోకి చొచ్చుకుపోయి నాశనమైనది. న్యూటన్ నియమాలు ఎక్కడా తప్పలేదు. ఆయన పేరిట ఉన్న ప్రమాణాన్ని గుర్తించకపోవడమే తప్పు. 60 మైళ్ళ లెక్క చేతబట్టుకొని చంద్రుడి దారిని వెతికిన యువకుడికి ఎదురైన చిక్కే, మూడు శతాబ్దాల తరువాత మళ్ళీ ఎదురైనది.

తాతలు మణుగులు, వీశెలు నేర్చారు. తండ్రులు పౌన్లనుండి కిలోలకు మారారు. పిల్లలు న్యూటన్లు నేర్చుకుంటున్నారు. కొలతల పేర్లు ఇకముందు కూడా మారవచ్చు. మారనిది ఒకటే. ఒక సంఖ్యను చేతికి తీసుకునే ముందు అది దేనిని కొలుస్తున్నదో, ఏ ప్రమాణంలో కొలుస్తున్నదో తెలుసుకోవాలి. అంకె పక్కన ప్రమాణం రాయని విద్యార్థికి ఉపాధ్యాయుడు మార్కులు తగ్గిస్తే అది కాఠిన్యం కాదు. ఆ ఒక్క మాట విడిచినందువల్ల తాళ్ళు తెగడమూ నౌకలు దారి తప్పడమూ లోకం చూసినది. తుఫానులో నిలబడి తన దూకుడు పొడవును కొలుచుకున్న ఆ పదిహేనేళ్ళ కుర్రవాడి శ్రద్ధను గుర్తుంచుకొని ప్రతి లెక్క చివరనా ప్రమాణం రాయడమే ఆ మహనీయునికి విద్యార్థిలోకం అర్పించగల నిజమైన నివాళి.